ఏ భాగం తీశారు? జీర్ణకోశ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత తిండి, మందులు ఎంచుకోవడం ఎలా

డిశ్చార్జి కాగితం మీద ఆహారం గురించి మామూలుగా ఉండేవి రెండు మాటలు: సాఫ్ట్ డైట్. మిగతాదంతా ఇంటికి చూడటానికి వచ్చినవాళ్లు చెబుతారు. పిన్ని రాగి జావ పట్టించమంటుంది. పక్కింటాయన రోజూ రెండు కొబ్బరిబోండాలు తాగించమంటాడు. ఊరినుంచి వచ్చిన పెద్దమ్మ పప్పు ముట్టనివ్వొద్దంటుంది. మేనల్లుడు ప్రోటీన్ పౌడర్ డబ్బా తెచ్చి బల్ల మీద పెడతాడు. అందరిదీ ప్రేమే, కాదనను. కానీ పెద్దపేగు ఆపరేషన్ అయిన మనిషికి హాయిగా ఒంటబట్టే జావ, జీర్ణాశయం తీసేసిన మనిషిని పావుగంటలో మంచమెక్కించగలదు. అందుకే క్యాన్సర్ సర్జరీ వార్డులో డైటీషియన్‌గా నేను అందరికీ ముందు చెప్పేది ఒకటే: ఏం తినాలో అడిగేముందు ఏం తీశారో తెలుసుకోండి.

డిశ్చార్జి సమ్మరీలో ఆపరేషన్ పేరు ఉంటుంది. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. గ్యాస్ట్రెక్టమీ అని ఉంటే జీర్ణాశయం తీశారు. టోటల్ అంటే మొత్తం, సబ్‌టోటల్ అంటే కొంత మిగిల్చారు. ఈసోఫేజెక్టమీ అంటే అన్నవాహిక తీసి, జీర్ణాశయాన్నే గొట్టంలా మలిచి ఛాతీలోకి లాగి కలిపారు. విపుల్ ఆపరేషన్ అంటే క్లోమం తలభాగం, దాన్ని ఆనుకున్న చిన్నపేగు మొదలు, పిత్తాశయం, పిత్తనాళంలో కొంత పోయాయి. రైట్ హెమికోలెక్టమీ అంటే పెద్దపేగు కుడి భాగమూ, దాంతోపాటు చిన్నపేగు చివరి కొసా. లో యాంటీరియర్ రిసెక్షన్ అంటే మలాశయంలో చాలా భాగం తీసి, పై పేగును కిందికి తెచ్చి కుట్టారు. ఇలియాస్టమీ అంటే చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలించారు.

జీర్ణాశయం తిన్నదాన్ని నిల్వ ఉంచి కొద్దికొద్దిగా కిందికి వదులుతుంది. క్లోమం కొవ్వునూ మాంసకృత్తులనూ విడగొట్టే రసాలిస్తుంది. చిన్నపేగు చివరి భాగం బి12నూ పిత్తలవణాలనూ పీల్చుకుంటుంది. పెద్దపేగు నీళ్లనూ ఉప్పునూ వెనక్కి తీసుకుంటుంది. మలాశయం ఆపుకునే వీలు కల్పిస్తుంది. ఏది పోతే దాని పనిని ఇక మనం బయటినుంచి చేసిపెట్టాలి. కింద చెప్పే ఎంపికలన్నిటికీ ఆధారం ఇదే.

గ్యాస్ పోయేదాకా ఆగాలా, ముందే మొదలుపెట్టాలా

పేగును చేత్తో కదిపి, కోసి, కుట్టాక అది కొన్నాళ్లు కదలడం మానేస్తుంది. అయితే అన్ని భాగాలూ ఒకేసారి నిద్రలేవవు. చిన్నపేగు కొన్ని గంటల్లోనే, దాదాపు ఒక రోజులోపు కదలడం మొదలుపెడుతుంది. జీర్ణాశయానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పెద్దపేగుకు రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పాత పద్ధతిలో గ్యాస్ పోయేదాకా నోటికి చుక్క నీళ్లు ఇచ్చేవారు కాదు. 1990ల్లో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ ఈ పద్ధతిని ప్రశ్నించాడు. త్వరగా తాగించడం, త్వరగా నడిపించడం, మార్ఫిన్ లాంటి మందులు తగ్గించడం, అక్కర్లేని గొట్టాలు తీసేయడం, వీటన్నిటినీ కలిపి పాటిస్తే రోగి ముందే కోలుకుంటాడని చూపించాడు. ఇప్పుడు మన పెద్ద ఆసుపత్రుల్లో చాలాచోట్ల ఈ దారే నడుస్తోంది.

కాబట్టి పెద్దపేగు ఆపరేషన్ అయితే నా ఓటు త్వరగా మొదలుపెట్టడానికే. సాధారణంగా ఆ సాయంత్రమో మర్నాడో నీళ్లు, పల్చటి మజ్జిగ, ఆ తర్వాత ఇడ్లీ, మెత్తటి అన్నం. అన్నవాహిక, జీర్ణాశయం ఆపరేషన్లలో సంగతి వేరు. అక్కడ కొత్త కుట్టు మీదుగానే తిండి దిగాలి కనుక ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్ ఒక్కరే చెప్పగలరు. రౌండ్స్‌కి వచ్చినప్పుడు నేరుగా అడగండి. దాహంగా ఉందంటున్నాడు కదా అని చాటుగా టీ పట్టించడం ఎంత ప్రమాదమో, డాక్టరు తాగించమన్నా భయపడి ఆపేయడం కూడా అంతే నష్టం.

నడక విషయంలో మాత్రం ఆలోచించాల్సిన పని లేదు. పడుకుంటే పేగు కూడా పడుకుంటుంది, లేచి వరండాలో నాలుగడుగులు వేయించండి. చూయింగ్ గమ్ నమిలితే పేగుకు తిండి వస్తోందన్న కబురు అందుతుంది. లాభం కొద్దిపాటిదే. మింగడంలో ఇబ్బంది లేకుండా, పూర్తి మెలకువతో ఉన్నవాళ్లకు డాక్టరు సరేనంటే చక్కెర లేనిది ఇవ్వొచ్చు. నొప్పి మందుల్లో మార్ఫిన్, ట్రమడాల్ లాంటివి పేగును నెమ్మదింపజేస్తాయి. అలాగని నొప్పి ఓర్చుకోమని చెప్పకండి. నొప్పి ఉన్న మనిషి లేచి నడవడు, గట్టిగా ఊపిరి తీయడు. పారాసిటమాల్‌తో ఎంతవరకు నెట్టుకురావచ్చో, వెన్నులోంచి ఇచ్చే ఎపిడ్యూరల్ కుదురుతుందో లేదో మత్తు డాక్టరుని ఆపరేషన్‌కి ముందే అడిగి ఉంచుకోండి.

సెలైన్ బాటిల్, ట్యూబ్ ఫీడ్

"సెలైన్ ఎక్కించండి, నీరసంగా ఉన్నాడు" అనే మాట వార్డులో రోజూ వినబడుతుంది. మామూలు సెలైన్‌లో ఉప్పూ నీళ్లే. బలం సున్నా. 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఒక లీటరు ఎక్కిస్తే లోపలికి వెళ్లేది 50 గ్రాముల గ్లూకోజు, అంటే 170 క్యాలరీలు. మాంసకృత్తులు లేవు. వాడిన ఒళ్లు తేటపడటానికి సెలైన్ పనికొస్తుంది కానీ గాయం మానడానికి పనికిరాదు. రక్తనాళం గుండా పూర్తి ఆహారం ఇచ్చే టీపీఎన్ అనేది వేరే ఉంది. దానికి పెద్ద సిర కావాలి, ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. పేగు అసలు పనిచేయనప్పుడు అది ప్రాణం నిలబెడుతుంది. పేగు పనిచేస్తున్నప్పుడు మాత్రం పేగుకే తిండి పెట్టడం మేలు.

అన్నవాహిక ఆపరేషన్‌లోనూ, కొన్ని జీర్ణాశయ ఆపరేషన్లలోనూ సర్జన్ పొట్ట మీదుగా చిన్నపేగులోకి సన్నటి గొట్టం పెడతారు. వార్డులో దాన్ని ఎఫ్‌జే ట్యూబ్ అంటారు. కొన్నిచోట్ల ముక్కులోంచి పేగుదాకా పంపే గొట్టం వాడతారు. కొద్ది రోజులకైతే ముక్కు గొట్టం చాలు. వారాల తరబడి అవసరమనుకుంటే పొట్ట మీది గొట్టమే సుఖం. ముఖం మీద ప్లాస్టర్ ఉండదు, గొంతు ఒరుసుకుపోదు, చొక్కా కింద కనబడదు, ఇంటికి కూడా తీసుకెళ్లొచ్చు.

అందులో పోసేది ఇంట్లో చేసినదా, కొన్న ఫార్ములా పౌడరా అన్నది అందరూ అడిగే ప్రశ్న. డబ్బు సమస్య కాకపోతే మొదటి వారాల్లో ఫార్ములానే ఎంచుకోమంటాను. క్యాలరీల లెక్క తెలుస్తుంది, గొట్టంలో అడ్డుపడదు. ఇంట్లో చేసేది చవక. కానీ ఎంత వడకట్టినా పిండి కణాలు సన్నటి గొట్టాన్ని మూసేస్తాయి, గంటల తరబడి బయట ఉంటే పాడవుతుంది. డబ్బు ఇబ్బంది ఉంటే పగలు ఇంట్లో వడకట్టిన పాలు, పెసరకట్టు లాంటివి, రాత్రి పొడవునా నెమ్మదిగా ఎక్కేలా ఫార్ములా, ఇలా కలిపి నడపొచ్చు. ఏది ఎంత పోయాలో డైటీషియన్ చేత కాగితం మీద రాయించుకోండి. ఏది పోసినా ముందొకసారి, తర్వాతొకసారి సిరంజితో 30 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు కొట్టాలి. మాత్రలు నూరి ఫీడ్‌లో కలపకండి, గొట్టాలు అలాగే మూసుకుపోతాయి. ద్రవరూపంలో దొరికే మందు రాయమని అడగండి. చిన్నపేగుకు గబగబా పోస్తే ఉబ్బరం, విరేచనాలు వస్తాయి, కనుక తొందర వద్దు.

జీర్ణాశయం తీసినవాళ్లకు: జావ కాదు, సంకటి

ఒకసారి వార్డులో చూశాను. స్టీలు గ్లాసు నిండా పల్చటి రాగి జావ, అందులో రెండు చెంచాల బెల్లం, మీద చిటికెడు యాలకుల పొడి. భార్య చల్లార్చి ఇస్తే ఆయన ఒక్క గుక్కలో తాగేశాడు. పావుగంటకు చొక్కా వీపున అతుక్కుపోయేంత చెమట. గుండె దడదడలాడుతోందని, పొట్టలో మెలిపెడుతోందని మంచానికి అడ్డం పడ్డాడు. గుండెపోటే వచ్చిందని ఆవిడ వణికిపోయింది. అది గుండె సంబంధమైనది కాదు, డంపింగ్. జీర్ణాశయం ఉంటే ఆ తీపి ద్రవాన్ని అరగంటో గంటో పట్టి ఉంచి కొంచెం కొంచెంగా వదిలేది. అది లేకపోయేసరికి గ్లాసెడూ ఒక్కసారిగా చిన్నపేగులోకి జారింది. చిక్కటి తీపిని పల్చన చేయడానికి ఒంట్లోని నీరు పేగులోకి ఉరికింది.

తిన్న 10 నుంచి 30 నిమిషాల్లో వచ్చేది ఇది. గంట నుంచి మూడు గంటల తర్వాత వచ్చేది ఇంకొకటి ఉంది. చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి ఎక్కడంతో ఇన్సులిన్ అవసరానికి మించి విడుదలై, షుగర్ పడిపోతుంది. వణుకు, చెమట, కళ్లు బైర్లు కమ్మడం, విపరీతమైన ఆకలి. అప్పటికప్పుడు ఒకటి రెండు చెంచాల చక్కెర నోట్లో వేసి, తేరుకున్నాక గుడ్డో పెరుగో పెట్టాలి. పదేపదే వస్తుంటే డాక్టరుకు చెప్పాలి. షుగర్ మందులు వాడేవాళ్లయితే ఆపరేషన్ తర్వాత పాత మోతాదు కొనసాగించకుండా మళ్లీ రాయించుకోవాలి.

మర్నాడు ఆయనకు అదే రాగి పిండిని బెల్లం లేకుండా గట్టిగా ఉడికించి, నిమ్మకాయంత ముద్ద చేసి, పెరుగుతోనూ ఉడికిన గుడ్డుతోనూ పెట్టించాం. ఏమీ కాలేదు. రాయలసీమవాళ్లకు నేను చెప్పేది అదే: మీ సంకటే మీకు మందు. మెత్తటి ముద్ద, పక్కన పప్పో కోడికూర ముక్కో. ఒక్క షరతు, సంకటిని నమలకుండా మింగే అలవాటు ఇక మానుకోవాలి. జీర్ణాశయం చేసే పని పళ్లు చేయాలి.

అంటే ఇక్కడ ద్రవం కన్నా గట్టిదే నయం, తీపి కన్నా ఉప్పు రుచే నయం. ఇడ్లీ, మెత్తటి పెసరట్టు, గట్టి ఉప్మా, పెరుగన్నం, పప్పన్నం, పులుసు తక్కువగా చేపముక్క. పళ్లరసం బదులు పండు ముక్క. నీళ్లు భోజనంతో కాకుండా అరగంట ముందో అరగంట తర్వాతో. మూడు పూటల భోజనాన్ని ఆరుసార్లుగా విడగొట్టాలి. అరచేతిలో పట్టేంత తిని ఆపేయాలి. ఆకలి వేసేదాకా ఆగితే కుదరదు, ఆకలి పుట్టించే హార్మోను ఎక్కువగా జీర్ణాశయంలోనే తయారవుతుంది కనుక ఆకలే వేయకపోవచ్చు. గడియారం చూసి తినాలి. తిన్నాక డంపింగ్ వచ్చేవాళ్లు ఓ ఇరవై నిమిషాలు నడుం వాల్చితే తగ్గుతుంది.

అన్నవాహిక తీసినవాళ్లకు దీనికి పూర్తిగా ఎదురు సలహా. వాళ్లు తిన్నాక పడుకోకూడదు. కిందినుంచి పైకి రాకుండా ఆపే మూత వాళ్లకు లేదు, పడుకుంటే తిన్నది గొంతులోకి, అక్కడినుంచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రాత్రి భోజనానికీ నిద్రకూ మధ్య కనీసం రెండు మూడు గంటలు ఉండాలి. తలవైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయాలి. నాలుగు దిండ్లు పేరిస్తే నడుము దగ్గర మడత పడుతుంది తప్ప లాభం లేదు.

పథ్యం, ప్రోటీన్

పప్పు తింటే చీము పడుతుందన్న నమ్మకం మన ఇళ్లల్లో ఎంత గట్టిగా ఉందో చెప్పనక్కర్లేదు. గుడ్డు వేడి, చేప గాయానికి పడదు, పెరుగు జలుబు. ఇవన్నీ తీసేశాక రోగి కంచంలో మిగిలేది చారన్నం, బీరకాయ కూర, పాలు బ్రెడ్డు. గాయంలో చీము పట్టేది సూక్ష్మక్రిములవల్ల, పప్పువల్ల కాదు. పైగా కుట్టు అతుక్కోవడానికి కావలసిన సరుకంతా పప్పులోనూ గుడ్డులోనూ చేపలోనూ ఉంది. ఈ ఒక్క విషయంలో పెద్దవాళ్ల మాట వినొద్దని రోగికి సూటిగా చెబుతాను.

ఆపరేషన్ తర్వాత కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. గ్లాసు జావలో పడే రెండు చెంచాల రాగి పిండిలో రెండు గ్రాములైనా ఉండవు. ఒక గుడ్డులో 6 గ్రాములు. అర లీటరు పాలలో గానీ ఆ పాలతో తోడేసిన పెరుగులో గానీ 16 గ్రాముల దాకా. ఉడికించిన చికెన్ 100 గ్రాములకు పాతిక గ్రాములు, పనీర్‌లో 18. కప్పు గట్టి పప్పులో 7, 8 గ్రాములు. కందిపప్పు ఉబ్బరం చేస్తే పెసరపప్పుతో మొదలుపెట్టండి. పాలు పడకపోతే ఆందోళన వద్దు, ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు పాలలోని చక్కెర అరగకపోవడం చాలామందిలో ఉంటుంది. పెరుగులో ఆ చక్కెర కొంత తగ్గిపోయి ఉంటుంది కాబట్టి మామూలుగా పడుతుంది.

పౌడర్ కొనాలా అంటే, కంచంలోంచి లెక్క పూర్తికానప్పుడు కొనండి. డబ్బా వెనక 100 గ్రాములకు ప్రోటీన్ ఎంత, చక్కెర ఎంత అన్న రెండు అంకెలు చదవండి. పిల్లలకు కలిపే మాల్టు పొడుల్లో చాలావాటిలో ప్రోటీన్ కన్నా చక్కెరే ఎక్కువ. జీర్ణాశయం తీసినవాళ్లకు అవి అసలు వద్దు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన మోతాదు దాటకూడదు.

విపుల్ తర్వాత: నూనె మానడమా, ఎంజైమ్ క్యాప్సూలా

మలం లేత పసుపు రంగులో, జిడ్డుగా, విపరీతమైన వాసనతో, ఫ్లష్ చేసినా తేలుతూ ఉంటే తిన్న కొవ్వు అరగడం లేదని అర్థం. ఇంట్లోవాళ్లు వెంటనే నూనె, నెయ్యి, గుడ్డు మాన్పించేస్తారు. విరేచనం తగ్గుతుంది, దాంతోపాటే మనిషీ తగ్గిపోతాడు. కొవ్వు మానడం కన్నా క్లోమరసాల బదులు వేసుకునే ఎంజైమ్ మందు, అంటే పాంక్రియాటిన్ క్యాప్సూల్ సరిగ్గా వాడటం ఎన్నో రెట్లు మేలు.

సరిగ్గా అంటే, భోజనంతో పాటే. చాలామంది మిగతా మాత్రలతో కలిపి తిన్న గంటకు మింగుతారు. అప్పటికి అన్నం క్యాప్సూల్‌ని దాటి వెళ్లిపోయి ఉంటుంది. మొదటి ముద్దతో ఒకటి, పెద్ద భోజనమైతే మధ్యలో ఇంకొకటి. పెద్ద భోజనానికి సాధారణంగా 25,000 నుంచి 50,000 యూనిట్లు, చిన్న ఫలహారానికి అందులో సగం దాకా రాస్తారు. ఫలితం చూసి డాక్టరు పెంచుతారు. నమలకూడదు. మింగలేకపోతే విప్పి లోపలి గింజల్ని పుల్లటి పండు గుజ్జులో వేసి మింగాలి, వేడి పదార్థంలో కలపకూడదు. ఎంజైములు వేడికి చచ్చిపోతాయి, మే నెల ఎండలో కారులో వదిలేసిన డబ్బా పనికిరాదు. ఇవి పందినుంచి తీసినవి. ముస్లిం రోగులకూ శాకాహారులకూ ఈ సంగతి ముందే చెప్పడం మర్యాద. ప్రాణావసరానికి ఇంత సమర్థంగా పనిచేసే వేరే మందు లేనప్పుడు వాడొచ్చని చాలామంది మతపెద్దలు చెబుతారు, అడిగి నిర్ణయించుకోవచ్చు. ఈ ఆపరేషన్ తర్వాత కొత్తగా షుగర్ రావచ్చు. మూడు నెలలకోసారి పరీక్ష చేయించండి.

పొట్ట మీద సంచి ఉంటే: నీళ్లు, కొబ్బరి నీళ్లు, ఓఆర్ఎస్

ఇలియాస్టమీ అయిన మనిషి పెద్దపేగును ఉపయోగించడం లేదు కనుక నీళ్లూ ఉప్పూ సంచిలోకి పోతూనే ఉంటాయి. కుదురుకున్నాక రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా రావడం మామూలు. లీటరున్నర దాటితే ప్రమాదం. అంచనా వేయొద్దు, కొలత గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి బాత్రూములో పెట్టి, సంచి ఖాళీ చేసినప్పుడల్లా అందులో కొలిచి గోడమీది క్యాలెండరులో రాయండి. మొదటి నెల ఈ ఒక్క పని చేస్తే కిడ్నీ దెబ్బతిని మళ్లీ ఆసుపత్రిలో చేరే ముప్పు చాలావరకు తప్పుతుంది.

సంచిలోకి పోయే ప్రతి లీటరుతో దాదాపు 6 గ్రాముల ఉప్పు, అంటే చెంచాడు, పోతుంది. దాహమేసిందని ఉత్త నీళ్లు చెంబుల కొద్దీ తాగితే ఆ నీళ్లు పేగులోకి ఇంకా ఉప్పును లాక్కుని బయటికి వస్తాయి. తాగినకొద్దీ ఎండిపోతారు. కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగా ఉంది, సోడియం తక్కువ. పోయేది సోడియం. కాబట్టి ఇష్టమైతే ఒక బోండం తాగండి కానీ దాన్ని మందు అనుకోకండి. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు అదీ అడిగి తాగాలి. పళ్లరసాలు, కూల్‌డ్రింకులు సంచిని ఇంకా నింపుతాయి. ఎంచుకోవాల్సింది ఓఆర్ఎస్ ప్యాకెట్. లీటరు నీళ్లకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉండే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్యాకెట్ మీద రాసి ఉండాలి. ఆ ఉప్పు, ఆ గ్లూకోజు ఆ పాళ్లలో ఉంటేనే పేగు నీటిని లోపలికి పీల్చుకుంటుంది.

ఓఆర్ఎస్ పేరు తగిలించుకున్న తీపి పానీయాలు ఏళ్ల తరబడి మందుల షాపుల్లోనే అమ్ముడయ్యాయి. వాటిమీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, సూత్రానికి సరిపోని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ఆవిడ మాట్లాడింది పిల్లల విరేచనాల గురించే అయినా, సంచి ఉన్నవాళ్లకూ అంతే మేలు జరిగింది. ఇప్పటికీ షాపులో అట్టపెట్టె డ్రింక్ చేతిలో పెడితే తీసుకోకండి, పొడి ప్యాకెట్ అడగండి. సంచిలోకి మరీ ఎక్కువగా పోతున్నవాళ్లకు ఇంకొంచెం ఉప్పెక్కువ ఉండే ద్రావణం డాక్టరు రాస్తారు.

మలం చిక్కబడటానికి సగ్గుబియ్యం, పెరుగన్నం, అరటిపండు, బంగాళాదుంప మంచివి. ఇసబ్‌గోల్ చిక్కదనం ఇస్తుంది కానీ నీటి నష్టాన్ని ఆపదు. లోపెరమైడ్ పేగు వేగాన్ని తగ్గించి నష్టాన్నే తగ్గిస్తుంది. ఎక్కువగా పోతుంటే లోపెరమైడ్ ముందు, ఇసబ్‌గోల్ తర్వాత. లోపెరమైడ్ భోజనానికి అరగంట ముందు వేసుకుంటే బాగా పనిచేస్తుంది. మోతాదు డాక్టరు చెప్పినంతే. ఈ రెండు మందులూ జనఔషధి దుకాణాల్లో చవకగా దొరుకుతాయి. కొబ్బరి ముక్కలు, మొక్కజొన్న, పల్లీలు, పుట్టగొడుగులు, పనసతొనలు, మునక్కాడ పిప్పి మొదటి రెండు నెలలు వద్దు. సంచి దగ్గర సన్నటి దారిలో ఉండచుట్టుకుని అడ్డుపడతాయి.

పేగు కలిపేశాక

పెద్దపేగు కుడి భాగం తీసినవాళ్లలో కొందరికి నెలలు గడిచినా, ముఖ్యంగా తిన్న వెంటనే, పసుపు నీళ్ల విరేచనం ఆగదు. నీళ్లు మార్చారని, అన్నం పడలేదని తిండిని ఒక్కొక్కటిగా మాన్పించే పని ఇక్కడ దండగ. చిన్నపేగు కొస పీల్చుకోవాల్సిన పిత్తలవణాలు పెద్దపేగులోకి జారి చేసే గొడవ అది. కొలెస్టిరమైన్ పొడి ఆ లవణాల్ని పట్టేస్తుంది. డాక్టరుకు ఈ లక్షణం ఇదే మాటల్లో చెప్పండి, మామూలు విరేచనాలన్నట్టు చెబితే వేరే మాత్ర రాసి పంపుతారు. ఎడమ భాగం తీసినవాళ్లకు ఈ బాధ తక్కువ. నాలుగు నుంచి ఆరు వారాలు పీచు తగ్గించి తిని, తర్వాత ఆకుకూరలు, పళ్లు ఒక్కొక్కటిగా చేర్చుకుంటే చాలు.

మలాశయం తీసినవాళ్ల కష్టం గురించి ఎవరూ నోరు విప్పరు. గంటలో నాలుగైదుసార్లు వెళ్లాల్సిరావడం, ఆపుకోలేకపోవడం, గ్యాస్ అనుకుంటే మలం రావడం. పెళ్లిళ్లు మానేస్తారు, బస్సెక్కడం మానేస్తారు, సిగ్గుతో డాక్టరుకు కూడా చెప్పరు. దీనికి పేరుంది, లార్స్ (లో యాంటీరియర్ రిసెక్షన్ సిండ్రోమ్) అంటారు. డెన్మార్క్ వైద్యులు 2012లో దాన్ని కొలవడానికి ఐదు ప్రశ్నల స్కోరు తయారుచేశారు. 42కి 30 గానీ అంతకుమించి గానీ వస్తే తీవ్రమని లెక్క. రేడియేషన్ పడ్డవాళ్లలో ఎక్కువ. మొదటి ఏడాది, రెండేళ్లు మెల్లగా తగ్గుతూ వస్తుంది.

ఎంపికల్లో నేను ముందు చెప్పేది ఇసబ్‌గోల్ రోజూ ఒకే వేళకు, తక్కువ నీళ్లతో. చిన్నచిన్న ముక్కలుగా పదిసార్లు వచ్చేది ఒక్కసారిగా రావడానికి అది సాయపడుతుంది. బయటికి వెళ్లే రోజు ముందుగా లోపెరమైడ్. వీటితో పాటే పొత్తికడుపు అడుగు కండరాల వ్యాయామం, ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని చేస్తేనే. ఇవి చాలకపోతే గోరువెచ్చని నీళ్లతో పేగును ఒక వేళకు కడిగేసే ట్రాన్సానల్ ఇరిగేషన్. రోజులో కొంత సమయం పడుతుంది, మిగతా రోజంతా స్వేచ్ఛ. నేర్పేవాళ్లు పెద్ద ఊళ్లలోనే ఉన్నారు, అయినా వెళ్లి నేర్చుకోవడం వృథా కాదు. రెండేళ్లు దాటినా బతుకు బాత్రూము చుట్టే తిరుగుతుంటే శాశ్వతంగా సంచి పెట్టించుకోవడం ఓటమి కాదు. అలా ఎంచుకుని మళ్లీ ఉద్యోగానికి వెళ్లినవాళ్లున్నారు.

ఏ ఆపరేషన్ అయినా కొన్ని లక్షణాలకు ఇంట్లో ఎంపికలు లేవు, ఆసుపత్రే. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ గానీ మలం గానీ పోకపోవడం. సంచిలోకి గంటల తరబడి ఏమీ రాకపోవడం. జ్వరంతో పొట్టనొప్పి, గుండె వేగం, ముఖ్యంగా మొదటి రెండు వారాల్లో. మూత్రం బాగా తగ్గిపోవడం. నల్లటి మలం, రక్తం. అర్ధరాత్రైనా బయల్దేరండి, తెల్లారేదాకా ఆగొద్దు. కీమో నడుస్తుంటే డాక్టరుకు చెప్పకుండా కషాయాలు, నాటుమందులు మొదలుపెట్టొద్దు.

సూదులు, మాత్రలు: నెలల తర్వాత అవసరమయ్యేవి

జీర్ణాశయం మొత్తం తీసినవాళ్లందరికీ బి12 జీవితాంతం కావాలి. దాన్ని పీల్చుకోవడానికి కావలసిన పదార్థం జీర్ణాశయం గోడలోనే తయారయ్యేది. కాలేయంలో నిల్వ ఉండటంవల్ల లోటు వెంటనే కనబడదు, రెండు మూడేళ్లకు అరికాళ్ల తిమ్మిరితోనో రక్తహీనతతోనో బయటపడుతుంది. అప్పటికి ఆపరేషన్ సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు. చిన్నపేగు కొస ఎక్కువగా పోయినవాళ్లకూ, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకూ ఇదే ముప్పు. సూదికైతే సాధారణంగా 1000 మైక్రోగ్రాములు నెలకో మూడు నెలలకో ఒకసారి. రోజూ 1000 నుంచి 2000 మైక్రోగ్రాముల మాత్ర వేసుకున్నా అందులో వందో వంతు నేరుగా పేగు గోడగుండా చేరుతుంది, అది సరిపోతుంది. రోజూ మరవకుండా వేసుకునేవాళ్లకు మాత్ర, మరిచిపోయేవాళ్లకు సూది. పల్లెలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకైతే సూదే నయం, ఇంటికి వచ్చే ఏఎన్ఎం నర్సుకు చెప్పి తేదీ గుర్తుచేయించుకోవచ్చు.

కాల్షియం మాత్రల్లో కార్బొనేట్ చవక, కానీ అది కరగడానికి ఆమ్లం కావాలి. జీర్ణాశయం లేనివాళ్లు సిట్రేట్ అడగాలి. ఇనుము మాత్రకూ అదే ఇబ్బంది. నిమ్మరసంతో వేసుకున్నా రెండు మూడు నెలల్లో హిమోగ్లోబిన్ పెరగకపోతే ఇంకో బ్రాండు మార్చకుండా సెలైన్‌లో ఎక్కించే ఐరన్ గురించి డాక్టరుని అడగండి. ఇనుము, కాల్షియం మాత్రలు ఒకేసారి వేసుకుంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. ఒకటి పొద్దున, ఇంకొకటి రాత్రి.